పట్టుకుంటే ఎడమకి

రాజపాళయంలో కార్ల మోజున్నవాళ్లకి కొదవ లేదు. తమిళనాట మా తెలుగు ఇళ్లున్న మిల్లుల ఊరు, బజారు దాటగానే కొండలు కనిపించే ఊరు, ఇంకేం కావాలి. అయితే కార్లు కొనడం వేరు, కార్ల గురించి ఒకరి మీద ఒకరు విరుచుకుపడడం వేరు. ఆ రెండో పని శ్రద్ధగా చేసేవాళ్లం మేం నలుగురం: మా అన్న, నేను, పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పే లెక్చరర్, ఆస్పత్రులకి బ్యాండేజీ గుడ్డ నేయించి పంపే మా బావ వరసాయన. ఆదివారం తెల్లవారగానే అన్న జిన్నింగ్ మిల్లు వెనక షెడ్డులో చేరేవాళ్లం. వదిన ఫ్లాస్కులో కాఫీ పోసి పంపేది. అది ఖాళీ అయ్యేలోపు మాలో ఎవరో ఇద్దరికి మాటలు ఆగిపోయేవి.

నేను నూలు మిల్లు పరీక్షగదిలో పనిచేస్తాను. దారం ఎక్కడ సన్నబడింది, ఎక్కడ లావెక్కింది అని తప్పులు పట్టడమే నా ఉద్యోగం. నా నోటికి ఇంటిల్లిపాదీ జడిసేది అందుకేనని అన్న అంటాడు. ఆడమనిషి పొద్దున్నే మగవాళ్ల మధ్య కూచుని గేర్ల గురించి వాదించడమేమిటని మా అత్తగారు మొదట్లో మూతి ముడిచింది. తన మోకాళ్ల డాక్టరు దగ్గరికి మదురై దాకా కుదుపు లేకుండా తీసుకుపోయేది నేనొక్కదాన్నేనని తెలిశాక ఆ మూతి సర్దుకుంది.

మాలో ఐదోది కుక్క. మా ఊరి జాతి తెల్లకుక్క, గులాబీ రంగు ముక్కు, సన్నటి నడుము. ఆ జాతిలో మరీ తెల్లగా పుట్టినవాటికి ఒక్కోసారి చెవులు వినపడవు. దీనికీ పుట్టుచెవుడే. లోకమంతా దానికి పాదాల్లోంచి తెలిసేది. లారీ వీధిలోకి తిరగకముందే నేల అదురు పట్టి లేచి నిలబడేది. అది చూసి అన్నకి ఒక ఆలోచన వచ్చింది. ఎవరు ఏ బండి తెచ్చినా కుక్కని ముందు సీటులో నిలబెట్టి మలుపుల్లో తిప్పేవాడు. బండి ఒళ్లు వాలితే కుక్క కాళ్లు ఎడంగా పెడుతుంది. మరీ వాలితే కూచుంటుంది. మంచి బండి అయితే నాలుగు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని, మెడ నిక్కించి రోడ్డు చూస్తుంది. లెక్చరర్ ఎన్ని సూత్రాలు వల్లించినా చివరికి అందరం కుక్క తీర్పుకే కట్టుబడేవాళ్లం. బావ కొత్తగా కొన్న స్పోర్ట్స్ మోడల్ కారులో అది మొదటి మలుపుకే చతికిలబడితే, ఆయన కొన్నాళ్లు షెడ్డు ఛాయలకే రాలేదు.

ఇక అన్న బండి. రెండు తలుపులు, రెండే సీట్లు, నేలకి ఆనినట్టుండే ఒళ్లు, పొడుగాటి ముక్కు, వెనక చక్రాలతో నడిచే బండి. రంగు వానమబ్బు రంగు. కాలేజీ రోజుల్లో ఏదో పత్రికలో అలాంటి బండి బొమ్మ కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకున్నాడు. తర్వాత నాన్న పోయాడు, మిల్లు నెత్తిన పడింది, పిల్లల చదువులు, పెళ్లిళ్లు. బొమ్మ అక్కడే పసుపెక్కింది. అరవై దగ్గర పడ్డాక, కోయంబత్తూరులో ఒకాయన పోతే ఆయన భార్య బండి అమ్మేస్తోందని తెలిసి, పోయి తెచ్చుకున్నాడు. తాళంచెవి ఇస్తూ ఆమె చాలాసేపు ఖాళీ సీటునే చూస్తూ నిలబడిందని ఇంటికొచ్చి చెప్పాడు. ఆ మాట వదిన ముందు అనకుండా ఉండాల్సింది.

మొదటి ఏడాది ఆ బండి మీద మేం వాదించినంత ఇంక దేని మీదా వాదించలేదు.

"ఇంత పొడుగు ముక్కు ఎందుకు మావా? ఇంజను సగంలోనే అయిపోతా ఉండాది. మిగతాదంతా చూపుకే" అనేవాడు బావ.

"చూపుకే అనుకోండి, తప్పేముండాది?" అనేవాడు లెక్చరర్. మంసాపురం నుంచి మోటారుసైకిలు మీద వచ్చేవాడు, చలికి మఫ్లరు విప్పకుండానే వాదన మొదలుపెట్టేవాడు. "ముందు చక్రం తలుపుకి ఎంత దూరముంటే బండికి అంత అందం. నిలబడి ఉన్నా పోతా ఉన్నట్టు ఉండల్ల."

"మలుపులో వెనక చక్రాలు జారితే ఆ అందం కాలవలో పడతాది. నా బండిలో అయితే కంప్యూటరు పట్టుకుంటాది."

"అట్లయితే కంప్యూటరునే ఆదివారం తిరగనీ, నువ్వు ఇంట్లో పండుకో" అనేదాన్ని నేను.

అన్న ఇవన్నీ విని నవ్వేవాడు. "అందమూ వద్దు, కంప్యూటరూ వద్దు. చక్రం కింద గులకరాయి పడితే అది నా అరచేతికి తెలియల్ల. ఇప్పుడొచ్చే బండ్లలో స్టీరింగు పట్టుకుంటే ఫోను పట్టుకున్నట్టే ఉండాది. ఇది మనతో మాట్లాడతాది."

కుక్క ఆ బండిలో కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడింది. అంతకన్నా సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆడి మాసంలో, అంటే జులై, ఆగస్టుల్లో, కొండల మీదినుంచి గాలి దిగుతుంది. మా ఊళ్లో ఆ నెలంతా తలుపులు కొట్టుకుంటూనే ఉంటాయి. సేత్తూరు వైపు పోయే రోడ్డులో ఊరు దాటాక తిన్నటి దారి ఒకటుంది. కుడిపక్క పొలాలు, వాటి వెనక కొండలు. బస్సుల రద్దీ మొదలుకాకముందు అక్కడే మేం బండ్లు పరీక్షించేది. ఒక ఆదివారం అన్న అక్కణ్ణుంచి తిరిగొచ్చి, కాఫీ కూడా తాగకుండా, "ఎడమకి లాగతా ఉండాది" అన్నాడు.

"గాలి" అన్నాడు బావ. కొండ కుడిపక్క ఉంది, గాలి కుడినుంచి కొడుతుంది, బండి ఎడమకి పోతుంది. చిన్నపిల్లలకి కూడా తెలిసే లెక్క.

"వచ్చేటప్పుడు కొండ ఎడమపక్క కదా ఉండేది" అన్నాడు అన్న. "అప్పుడూ ఎడమకే లాగింది."

అక్కడినుంచి మొదలైంది. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చారు. మదురై తీసుకుపోయి అలైన్‌మెంట్ చూపించారు. అక్కడివాళ్లు అంతా సరిగ్గా ఉందని కాగితం ఇచ్చారు. లెక్చరర్ నమ్మక, తానే నేల మీద పడుకుని దారం కట్టి కొలిచాడు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. అన్న మళ్లీ ఆ దారిలోకి తీసుకుపోయాడు. మళ్లీ ఎడమకే. ఉన్నట్టుండి కాదు, కుదుపు లేదు. పక్కన కూచుని చూశాను. రోడ్డు మధ్యగీత మెల్లగా మాకు దూరం జరిగేది, మట్టి అంచు మెల్లగా దగ్గరికొచ్చేది. ఎవరో నెమ్మదస్తుడు తొందర లేకుండా మమ్మల్ని పక్కకి పిలుస్తున్నట్టు ఉండేది.

బండి లాగుతోందా లేదా చూడడానికి అందరూ చేసే పరీక్ష ఒకటుంది. తిన్నటి దారిలో స్టీరింగు వదిలేసి చూడడం. అన్న చేతులు రెండూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బండి గీత గీసినట్టు నేరుగా పోయింది. మళ్లీ పట్టుకున్నాడు. ఎడమకి జరగడం మొదలైంది. వదిలాడు, నేరుగా పోయింది. పట్టుకున్నాడు, ఎడమకి.

పాడైన బండి వదిలేస్తే పక్కకి పోతుంది, పట్టుకుంటే నేరుగా పోతుంది. ఇది తలకిందులుగా ఉంది. ఎవరూ లేనప్పుడు బుద్ధిగా ఉండి, మనిషి చెయ్యి పడగానే మొరాయించే యంత్రాన్ని నేను మిల్లులో ఏనాడూ చూడలేదు. తర్వాత నేను నడిపాను, బావ నడిపాడు, లెక్చరర్ నడిపాడు. మా ముగ్గురికీ నేరుగానే పోయింది. దానికి గిట్టనిది అన్న చెయ్యి ఒక్కటే.

కుక్క కూడా మారింది. ఎప్పుడూ రోడ్డు చూస్తూ నిలబడేది, అన్న నడుపుతుంటే ఇప్పుడు పక్కకి తిరిగి నిలబడడం మొదలుపెట్టింది. అన్న మొహం వైపు కాదు. ఆయనకీ స్టీరింగుకీ మధ్య చోటుని రెప్పవేయకుండా చూసేది. బండి ఎడమకి జరగబోయే ముందే, అంటే మాకెవరికీ ఇంకా తెలియకముందే, కాళ్లు ఎడంగా పెట్టి ఆయన వైపు ఒరిగేది.

వదిన ఆ సంగతి విని వంటింట్లోకి పోయింది. తర్వాత నన్నూ లోపలికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"అది మీ అన్నని చూడల్లేదు పాపా. ఆయన ఒళ్లో కూచున్నోళ్లని చూస్తా ఉండాది. ఆ బండి సొంతగాడు ఇంకా దిగినట్టు లేదు."

"నీకేం పని లేదా వదినా" అన్నాను. అన్నాను గాని నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"నవ్వల్లంటే నవ్వుకో. ఆయుధ పూజ లోపల అదేందో తేలల్ల. తేలకపోతే ఆ బండికి నేను బొట్టు పెట్టను. బొట్టు పెట్టని బండి ఈ కాంపౌండులో ఉండగూడదు. అమ్మేయల్ల."

మా ఊళ్లో ఆయుధ పూజ అంటే మాటలు కాదు. మిల్లులో మగ్గం నుంచి ఇంట్లో కత్తిపీట దాకా అన్నిటికీ చందనం, కుంకుమ పడాలి. వదిన మాట తప్పే మనిషి కాదని అన్నకి తెలుసు. ఆయన ఆమెతో పోట్లాడలేదు. ఆ వారంలోనే మనిషి సగమైపోయాడు. మిల్లు రెండుసార్లు మూతపడబోయినప్పుడు కూడా ఆయన్ని నేనలా చూడలేదు. అంతకాలం ఆగి తెచ్చుకున్న ఒకే ఒక్క వస్తువు, అది కూడా తన చేతిని కాదంటోంది. అన్నని చూస్తే నాకు జాలి, బండిని చూస్తే కోపం. దాని మీద కప్పిన తెల్లగుడ్డ లాగి పారెయ్యాలనిపించేది. గుడ్డ కింద అది పడుకున్న తీరు నాకు నచ్చడం మానేసింది.

ఆ షెడ్డులో ఒక విశేషముంది. గోడ అవతల జిన్నింగ్ యంత్రాలు నడుస్తాయి. పైన పగిలిన జాలీల్లోంచి పత్తి నూగు ఇవతలికి ఎగిరొచ్చి, తెల్లారేసరికి నేల మీద పలచగా పరుచుకుంటుంది. పిల్లి నడిచినా జాడ పడుతుంది. ఒక రోజు పొద్దున్నే వదిన ఫోన్ చేసి, మిల్లుకి పోయేముందు ఒకసారి రమ్మంది. పోతే షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి అడుగు పెట్టవద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ అన్న లేస్తానే వచ్చి బండి చూసుకుని, స్నానానికి పోయినాడు. ఇంకెవరూ రాలేదు. ఆయన అడుగులు చూడు."

గుమ్మం నుంచి బండి దాకా, బండి నుంచి గుమ్మం దాకా నూగులో అడుగులు. కుడి పాదం వేళ్లతో సహా శుభ్రంగా పడింది. ఎడమ పాదం పడాల్సిన చోట మడమ దగ్గర ముద్ర, దాని ముందు జానెడు గీత. మళ్లీ కుడి పాదం, మళ్లీ గీత. గీత పక్కనే కుక్క పంజాలు, గీతని విడవకుండా, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ.

"ఎవరో ఆయన కాలు పట్టుకుని ఈడ్చుకుంటా పోయినట్టు లేదా?" అంది వదిన.

చెప్పు తెగి ఉంటుందన్నాను. చెప్పులు బయటే ఉన్నాయి, వేళ్ల ముద్రలు కనపడుతూనే ఉన్నాయి. వదిన నా వైపు చూసింది, నేను చూపు తిప్పుకున్నాను. ఆ పగలంతా పరీక్షగదిలో దారం నా కళ్ల ముందు నడుస్తూనే ఉంది, ఒక్క తప్పూ నాకు కనపడలేదు. నిజం చెబుతున్నాను, భయపడ్డాను. దేవుణ్ణే అంతంతమాత్రంగా నమ్మే మనిషిని, ఆ రోజు ఇంటికి పోతూ అమ్మవారి గుడి ముందు స్కూటరు ఆపాను.

తర్వాతి ఆదివారం షెడ్డులో డిజైను మాట ఎవరూ ఎత్తలేదు. లెక్చరర్ గోళ్లు కొరుక్కుంటూ కూచున్నాడు. చివరికి ఆయనే, "ఒక్కటే మిగిలింది. సార్‌ని వేరే బండిలో చూడల్ల" అన్నాడు. వేరే బండి నేరుగా పోతే తప్పు ఈ బండిదే అని తేలుతుంది. అమ్మేయవచ్చు. అన్న ఆ మాటకి కూడా తలూపాడు. విసిగిపోయి ఉన్నాడు.

నా కారు ఇచ్చాను. అది పెట్టెలాంటి బండి, ఇంట్లో కొలువు చేసే బండి. దాని గురించి ఎవరూ ఎప్పుడూ వాదించలేదు. దాని స్టీరింగులో బతుకు లేదని అన్నే వెక్కిరించేవాడు. దాన్ని కొత్తగా కొన్నాను, ఎవరి చావూ దానికి అంటలేదు. అన్న నడిపాడు, నేను పక్కన, కుక్క వెనక సీటులో. బావ, లెక్చరర్ ఇంకో బండిలో మా వెనకాల. పురటాసి నెల, సెప్టెంబరు చివర, గాలి పడిపోయింది. కొండల నడుముకి మంచు చుట్టుకుని ఉంది. తిన్నటి దారి వచ్చింది.

కుక్క మా సీట్ల మధ్యలోంచి తల ముందుకి చాపింది. అన్న వైపు చూసింది. కాళ్లు ఎడంగా పెట్టింది.

మధ్యగీత మెల్లగా దూరం జరిగింది. మట్టి అంచు మెల్లగా దగ్గరికొచ్చింది.

అన్న బండి ఆపేశాడు. వెనకవాళ్లు కూడా ఆపి, దిగి వచ్చారు. వాళ్లకి చెప్పక్కర్లేదు, వెనకనుంచి అంతా చూశారు. బావ కిటికీలో వంగి, ఏదో ఒకటి అనాలని, "మావా, పేయి బండి మారినట్టు ఉండాదే" అన్నాడు. పేయి అంటే మా ఇళ్లలో దయ్యమే. ఆయన ఉద్దేశం వేళాకోళమే. ఎవరూ నవ్వలేదు, బావ కూడా నవ్వలేదు.

అన్న తలుపు తీసుకుని దిగాడు. "కొంచేపు నడిచి వస్తా. ఎవరూ రావద్దు" అని రోడ్డు అంచున ముందుకి పోయాడు. నేను తలుపు తీస్తే కుక్క నా మీదుగా దూకి ఆయన వెనక పరిగెత్తింది. నేను సీటులోనే కూచుని ముందు అద్దంలోంచి చూస్తున్నాను. ఏం చూడాలని కాదు. ఎటు చూసినా అదే రోడ్డు.

ఆ కుక్క పుట్టినప్పటినుంచి అన్న కుడిపక్కనే నడిచేది. ఇప్పుడు ఎడమపక్కన నడుస్తోంది. పక్కన కూడా కాదు, భుజం ఆయన ఎడమ మోకాలికి ఆనించి, మనిషిని నిలబెట్టుకుంటూ నడుస్తోంది. అన్న కుడి చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఎడమ చెయ్యి ఊగడం లేదు. మోచేతి దగ్గర కొంచెం వంగి, ఒంటికి తగిలించినట్టు ఉండిపోయింది. ఎడమ కాలి చెప్పు ప్రతి అడుగుకీ మట్టిని గీస్తోంది.

నూగులో గీత గుర్తొచ్చింది. ఆయన కాలు ఎవరూ పట్టుకోలేదు. స్టీరింగు మీద ఎవరి చెయ్యీ లేదు, ఆయనదే ఉంది. పట్టుకున్నాననుకుని అక్కడ పెట్టి మరిచిన చెయ్యి, బరువుకి కిందికి వేలాడి స్టీరింగు చక్రాన్ని ఎడమకి తిప్పుతోంది. తీసేస్తే బండి నేరుగా పోదా మరి. కుక్క చూసింది ఒళ్లో కూచున్నవాణ్ణి కాదు, ఆ చేతిని. ఇన్నాళ్లూ నలుగురం కలిసి టైర్లు మార్చాం, దారాలు కట్టాం, చచ్చిపోయిన మనిషిని కూడా అనుమానించాం. బండి నడిపే మనిషిని చూడాలని ఒక్కరికీ తోచలేదు. కార్ల పిచ్చోళ్లం కదా, మా కళ్లు ఎప్పుడూ కారు మీదే. ఆ క్షణాన, అది దయ్యమే అయితే ఎంత బాగుండేదో అనిపించింది.

దిగి పరిగెత్తాను. దగ్గరికి పోయి, ఆయన చొక్కా పైగుండీ విప్పాను.

"ఎడమ చేత్తో పెట్టుకో అన్నా."

విడ్డూరంగా చూశాడు. చెయ్యి పైకి లేపాడు. వేళ్లు గుండీ దాకా పోయాయి, గుండీని తాకాయి, అక్కడే తడుముకుంటూ ఉండిపోయాయి. ఆయన వాటివైపు చూస్తున్న చూపు నేను మరిచిపోలేను. ఇంట్లోకి తెలియనివాళ్లు వస్తే చూసే చూపు అది.

"కొన్నాళ్లుగా ఇట్లే ఉండాది" అన్నాడు. "వయసు అనుకున్నా. చెప్తే మీ వదిన భయపడతాదని చెప్పలే." చెయ్యి దించి, "అట్లయితే బండిలో ఏం లేదా?" అన్నాడు.

మదురైలో పెద్ద డాక్టరు ఆయన్ని వరండాలో అటూ ఇటూ నడిపించాడు. బొటనవేలిని చూపుడువేలితో తట్టమన్నాడు. పేరు రాయమన్నాడు. తర్వాత స్కానింగులు అవీ చేయించారు గాని, ఆయనకి సంగతి ఆ వరండాలోనే తెలిసిపోయిందనుకుంటాను. పార్కిన్సన్స్, ఎడమవైపు మొదలైంది అన్నాడు. మందులున్నాయి, నెమ్మదిగా పోయే జబ్బు, చాలా ఏళ్లు బాగానే ఉండొచ్చు. బండి నడపడం మాత్రం మానాలి అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అన్న అడిగింది ఒకటే. "డాక్టర్ సార్, ఈ చెయ్యి బరువుకి స్టీరింగు ఎడమకి తిరగతాదా?"

డాక్టరు కొంచెం తికమకపడి, తిరగవచ్చు అన్నాడు.

అన్న నా వైపు తిరిగాడు. మొహంలో వెలుగు. "చూస్తివా పాపా. ఆ బండి మీద తప్పు లేదు. లెక్చరర్‌కి ఫోన్ చేసి చెప్పు."

నాకు ఒళ్లు మండిపోయింది. నీ బండి బుగ్గిపాలు కానీ అని అక్కడే అరవబోయాను. బయటికి వచ్చి మెట్ల మీద కూచుని ఏడ్చాను. వదిన వచ్చి పక్కన కూచుంది. "దిగల్సింది ఆ కోయంబత్తూరాయన కాదు, మీ అన్న" అంది. నన్నేమీ ఓదార్చలేదు.

ఆయుధ పూజ నాడు వదిన షెడ్డులోకి తానే వచ్చింది. బండి మీద గుడ్డ తీసి, నూగు తుడిచి, పొడుగాటి ముక్కు మీద చందనం అద్ది బొట్టు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. తర్వాత, పళ్లెంలో కుంకుమ ఇంకా ఉంటే, అన్న ఎడమ చెయ్యి తీసుకుని మణికట్టు మీద ఇంత పెట్టింది. బావ తల తిప్పుకుని లెక్చరర్‌తో బ్రేకుల గురించి ఏదో మొదలుపెట్టాడు.

నిమ్మకాయల మీదుగా బండి దాటించాలి. అన్న అలవాటుకొద్దీ కుడి తలుపు దాకా పోయి, తీసి, లోపల కూచున్నాడు. మేమెవరం ఆపలేదు. స్టీరింగు మీద కుడి చెయ్యి పెట్టాడు. ఎడమ చెయ్యి పైకి రాలేదు, ఒళ్లోనే ఉంది. కొంచేపు అలాగే ఉండి, దిగాడు. ముక్కు చుట్టూ తిరిగి, చెయ్యి బండి ఒంటి మీద ఆనించుకుంటూ, ఎడమ తలుపు దగ్గరికి వచ్చాడు. తాళంచెవి నా చేతిలో పెట్టేటప్పుడు ఖాళీ సీటునే చూస్తున్నాడు. కోయంబత్తూరులో ఆమె అలాగే నిలబడి ఉంటుంది.

నేను నడిపాను. ఆయన పక్కన, ఆయన మోకాళ్ల మధ్య కుక్క. వదిన గేటు దాకా మా వెనకే వచ్చి నిలబడిపోయింది. పండగ కదా, రోడ్డు మీద బస్సులన్నిటికీ అరటి పిలకలు కట్టి ఉన్నాయి. ఊరు దాటాం. కొండలు ఆ రోజు చాలా దగ్గరగా కనిపించాయి. తిన్నటి దారి వచ్చింది.

"వదులు" అన్నాడు.

చేతులు తీసేశాను. బండి నేరుగా పోయింది.

"ఇప్పుడు పట్టుకో."

పట్టుకున్నాను. అన్న ముందుకి వంగి మధ్యగీత వైపు చూడసాగాడు. బండి మీద తప్పు లేదని సంతోషించిన మనిషే, ఇప్పుడు నా చేతికింద కూడా అది కొంచెం, ఒక్క రవ్వ ఎడమకి లాగితే బాగుండునని చూస్తున్నాడు. అది నాకు తెలిసిపోయింది. ఒక్క వేలు ఒత్తితే చాలు. ఎవరికీ తెలియదు. నా వేలు కదిలింది కూడా.

అప్పుడు కుక్కని చూశాను. దానికి నేల అదురు తెలుస్తుంది, దాన్ని మోసం చేయలేం. నాలుగు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని, మెడ నిక్కించి, రోడ్డు చూస్తూ నిలబడి ఉంది.

వేలు వెనక్కి తీసుకున్నాను. బండి ఆ దారి పొడుగునా నేరుగానే పోయింది.